పాఠశాల రంగస్థలముపై ప్రతినాయకుని పాట

పదమూడేండ్ల బాలుడొకడు ప్రధానోపాధ్యాయిని వేషము ధరించి రంగస్థలముపై నిలుచును. పిల్లలనిన తనకెంత రోతయో, వారిని అణచివేయుట ఎంతటి ఘనకార్యమో బిగ్గరగా, గర్వముగా పాడును. తల్లిదండ్రులు నవ్వుదురు, తోడి విద్యార్థులు చప్పట్లు చరతురు, ముందు వరుసలో కూర్చున్న అసలు ప్రధానోపాధ్యాయిని అందరికంటె ఎక్కువగా నవ్వును. ఇంగ్లండు, అమెరికా దేశముల పాఠశాలలలో 'మటిల్డా' సంగీత నాటకము ఆడునపుడు ఇట్టి దృశ్యము కానవచ్చును. పాట వినోదకరమైనదే. కాని ఆ పాట పాడు పాత్ర పిల్లను జడలు పట్టి గిరగిర త్రిప్పి విసరివేయునది. మాట వినని వారిని ఇరుకు అరలో నిలువునా బంధించునది. క్రూరత్వమును చూచి నవ్వుట నేర్పుట పాఠశాల పనియేనా అని అడుగువారు కలరు. నాటకమే కదా యని తోసివేయువారును కలరు. ఈ ప్రశ్న తేలికగా తోసివేయదగినది కాదు. "కూడదు" అను ఒక్క మాటతో ముగింపదగినదియు కాదు.

ఆ దేశములలో పాఠశాల సంగీత నాటకము ఎంతటి వ్యవహారమో ముందు తెలిసికొనవలెను. సంభాషణ, పాట, నృత్యము మూడును కలసి కథను నడుపు నాటకమునకు అచట 'మ్యూజికల్' అని పేరు. అమెరికాలోని ఉన్నత పాఠశాలలు పెక్కు ఏటికొకమారైనను అట్టి నాటకమును ప్రదర్శించును. నటించువారు, వాద్యములు వాయించువారు, తెరలు చిత్రించువారు, దీపములు చూచువారు చాలవరకు విద్యార్థులే. అభ్యాసము నెలల తరబడి సాగును. 1929లో ఏర్పడిన థెస్పియన్ సొసైటీ వంటి విద్యార్థి నట సంఘములు అచట ఉన్నవి. ఏ పాఠశాలలు ఏ నాటకములాడుచున్నవో తెలుపు పట్టికలు 1938 నుండి ప్రకటింపబడుచున్నవి. గడచిన దశాబ్దమున ఆ పట్టికలలో పెక్కుమారులు అగ్రస్థానమున నిలిచినది 'ది ఆడమ్స్ ఫ్యామిలీ'. 2010లో న్యూయార్కులోని బ్రాడ్వేకు వచ్చిన ఈ నాటకములోని కుటుంబమునకు శ్మశానములన్న, హింసాయంత్రములన్న ముద్దు. చావును గూర్చియు, చెడుగును గూర్చియు నవ్వించు చీకటి హాస్యము పాఠశాల గడప ఎన్నడో దాటినదని దీనివలన తెలియును. అది ఏ తీరున లోనికి రావలెననునదే మిగిలిన ప్రశ్న.

ఈ నాటకములను పాఠశాలలు ఇష్టము వచ్చినట్లు మార్చుకొనుటకు వీలు లేదు. హక్కులు గల సంస్థకు రుసుము చెల్లించి అనుమతి పొందవలెను; ఆ సంస్థ ఇచ్చిన ప్రతిలోని మాటలనే పలుకవలెను. ఒక పాట నచ్చలేదని ఉపాధ్యాయుడు దానిని తనంతట తాను తీసివేయరాదు. అందుచేతనే ఆ సంస్థలు పెద్దల నాటకములు కొన్నింటిని కుదించి, మాటలు సవరించి, 'స్కూల్ ఎడిషన్' అనియు, ఇంకను చిన్నవారికి 'జూనియర్' అనియు వేరు ప్రతులు సిద్ధము చేసినవి. గొంతులు కోయు మంగలి కథయైన 'స్వీనీ టాడ్'కు సైతము అట్టి పాఠశాల ప్రతి యున్నది. కనుక ఒక్కొక్క పాఠశాల నిర్ణయింపవలసినవి రెండు: ఆ ప్రతిని తీసికొనవలెనా, వద్దా? తీసికొనినచో పిల్లలచేత ఎట్లు పాడింపవలెను?

సంగీత నాటకమున ప్రతినాయకుని పాటకు ప్రత్యేక ప్రయోజనము కలదు. సంభాషణలో అతడు తోడి పాత్రలతో మాటలాడును. పాటలో ప్రేక్షకులతోనే మాటలాడును. ఇతరుల యెదుట దాచుకొనిన దురాశను, ద్వేషమును, భయమును ఆ నాలుగు నిమిషములలో బయటపెట్టును. వరుస హుషారుగా నుండును. మాటల పొందిక చమత్కారముగా నుండును. వినువాడు కాలితో తాళము వేయుచు క్షణకాలము అతని పక్షమునకే జరుగును. పాట ముగియగానే, తానెవరికొరకు తాళము వేసెనో స్ఫురించి ఉలికిపడును. ఆ ఉలికిపాటే ఇట్టి పాటల సారము. చెడుగు కోరలతో, కొమ్ములతో మాత్రమే రాదనియు, చక్కని వరుసతో కూడ వచ్చుననియు అది బోధించును. ఉలికిపాటు పోయి తాళము మాత్రమే మిగిలినచో ఆ పాట దారి తప్పినట్లే.

మన ప్రాచీన ఆలంకారికులు ఇట్టి కలయికను అనుమానముతోనే చూచిరి. పదునాలుగవ శతాబ్దమునాటి విశ్వనాథుడు 'సాహిత్యదర్పణము'న రసములలో ఏది దేనికి విరోధియో చెప్పుచు, హాస్యమునకు భయానకమును, కరుణమును విరోధులని పేర్కొనెను. భయపడువాడు నవ్వలేడు, జాలిపడువాడును నవ్వలేడు. నేటి చీకటి హాస్యము ఈ విరోధమునే పెట్టుబడిగా తీసికొనినది. నవ్వవచ్చునో, నవ్వరాదో తెలియని స్థితిలో ప్రేక్షకుని నిలిపి, ఆ తడబాటునుండి ఆలోచన పుట్టించుట దాని యుపాయము. ఇది తాడుపై నడక వంటిది. చేయి తిరిగిన నటుడు నడువగలడు. పదునాలుగేండ్ల విద్యార్థి నడువగలడా యనునదే ఉపాధ్యాయుని చింత.

అభ్యంతరము చెప్పువారి వాదమును న్యాయముగా వినవలెను. సినిమాలోనో, పుస్తకములోనో పిల్లవాడు చూచునది వేరు, పాఠశాల తానుగా ఆడించునది వేరు అని వారందురు. పాఠశాల ఒక పాటను ఎన్నుకొని, మూడు నెలలు నేర్పి, తల్లిదండ్రులను పిలిచి వినిపించినదనగా దానికి తన ముద్ర వేసినట్లే. అదియు గాక, పాఠశాల నాటకమునకు వచ్చువారు ఏరికోరి వచ్చిన రసికులు కారు. నటుని అయిదేండ్ల చెల్లెలు వచ్చును, అవ్వాతాతలు వత్తురు, ఇంటిలో దెబ్బలు తినివచ్చిన పిల్లయు ఆ వరుసలలో ఎచటనో కూర్చుండును. నచ్చనివాడు లేచిపోవచ్చునను మాట పిల్లల విషయమున చెల్లదు. ఇక అనుకూలముగా చెప్పువారి మాటయు విలువైనదే. రాక్షసుడు లేని కథను ఏ దేశపు పిల్లలును వినలేదు. బిడియస్తుడైన బాలునికి నాయకుని మంచిమాటలకంటె ప్రతినాయకుని గర్జనలే గొంతు తెరపించును. చెడ్డవాని తర్కమును ఒక్కమారు తన నోట పలికి చూచిన విద్యార్థి, రేపు ఆ తర్కమునే మరియొకరి నోట విన్నపుడు గుర్తుపట్టగలడు.

ఇటీవలి సంఘటనలు ఈ చర్చకు భయమును జోడించినవి. 2023 జనవరిలో ఫ్లారిడా రాష్ట్రము జాక్సన్‌విల్‌లోని ఒక పాఠశాలలో 'ఇండీసెంట్' అను నాటకమును అధికారులు ఆపివేసిరి. ఆ దినములలోనే ఒహాయో రాష్ట్రమున ఒక ఉన్నత పాఠశాలలో అక్షరక్రమపు పోటీని గూర్చిన హాస్య సంగీత నాటకము రద్దయి, కొన్ని మార్పులు జరిగిన పిమ్మట మరల అనుమతి పొందినది. ఈ రెండు వివాదములును ప్రతినాయకుల పాటలను గూర్చినవి కావు. అయినను ఇట్టి వార్తలు విన్న ప్రధానోపాధ్యాయుడు తరువాతి యేటి నాటకమును ఎన్నుకొనునపుడు, దీనివలన పిల్లలు ఏమి నేర్చుకొందురని కాక, దీనిపై ఎవరు ఫిర్యాదు చేయుదురని ఆలోచించుట సహజము. భయముతో చేసిన ఎన్నిక ఒక్కొక్కపుడు మంచి నాటకమును త్రోసివేయును. మరియొకపుడు, ఎవరును ఫిర్యాదు చేయరను ధైర్యముతో, నిజముగా హాని చేయు పాటను లోనికి రానిచ్చును.

పాట ఎంత చీకటిగా ఉన్నదని కొలుచుటవలన ప్రయోజనము లేదు. నవ్వు ఎవరిపై పడుచున్నదని చూడవలెను. బలవంతుని గర్వముపై పడు నవ్వు ఒకటి, బలహీనుని బాధపై పడు నవ్వు వేరొకటి. రెండింటికిని వరుస ఒక్కటే కావచ్చును, చప్పట్లు ఒక్కటే కావచ్చును. పిల్లవాని మనసున అవి నాటు విత్తనములు వేరు. ప్రసిద్ధమైన నాలుగు నాటకములకు ఈ కొలతను పెట్టి చూచినచో విషయము తేటపడును.

మొదటిది 'మటిల్డా'. రోల్డ్ డాల్ నవల 1988లో వెలువడినది. రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ దానిని 2010లో స్ట్రాట్‌ఫర్డున సంగీత నాటకముగా ప్రదర్శించెను. సంభాషణలు డెనిస్ కెల్లీవి, పాటలు టిమ్ మించిన్‌వి. ప్రధానోపాధ్యాయిని ట్రంచ్‌బుల్ ఒకప్పుడు సుత్తి విసరు పోటీలలో నెగ్గినది. ఆమె పాటలో ఆ విజయమును తలచుకొని తానే మురిసిపోవును. నియమము తప్పనివాడే లోకమున నిలుచునని ఉపదేశించును. నవ్వంతయు ఆమె ఆత్మస్తుతిపైననే పడును. పిల్లల భయమును ఆ నాటకము హాస్యమునకు వాడుకొనదు. ఆ భయమును పుట్టించిన అధికారమును వాడుకొనును. డాల్ తన బాల్యమున ఇంగ్లీషు పాఠశాలలలో తినిన బెత్తపు దెబ్బలను 1984లో ప్రకటించిన 'బాయ్' అను గ్రంథమున వర్ణించెను. బ్రిటనులోని ప్రభుత్వ పాఠశాలలలో శారీరక దండన 1986 నాటి చట్టము ననుసరించి 1987లో గాని నిలువలేదు. మన దేశమున 2009 నాటి విద్యాహక్కు చట్టము పదునేడవ విభాగము శారీరక దండనను, మానసిక వేధనను నిషేధించినది. బెత్తమును చట్టము తీసివేసినను దాని నీడ తొలగుటకు కాలము పట్టును. ఆ నీడను చూచి పిల్లలు నవ్వగలుగుట మంచిదే. ముందు వరుసలోని ప్రధానోపాధ్యాయిని నవ్వగలుగుట అంతకంటె మంచిది.

అయితే ఇచటనే ఒక చిక్కు కలదు. ట్రంచ్‌బుల్ భారీ విగ్రహము గల పాత్ర; మూల ప్రదర్శనలో ఆమెగా నటించినవాడు పురుషుడు, బర్టీ కార్వెల్. పాఠశాలలో ఆ వేషమును ఎవరికిత్తురు? లావుగా నున్నదని ఒక బాలికను పిలిచి ఇచ్చినచో, నవ్వు పాత్ర గర్వముపై పడదు, ఆ బాలిక శరీరముపై పడును. నాటకము ముగిసి ముఖమున రంగు కడిగినను ఆ పేరు మాత్రము తరగతిలో నిలిచిపోవును. ఈ దోషము రచనలో లేదు, రచయిత దీనిని సవరింపలేడు. వేషములు పంచు ఉపాధ్యాయుని చేతిలోనే యున్నది.

రెండవది 'ఆలివర్!'. చార్లెస్ డికెన్సు నవలనుండి లయొనెల్ బార్ట్ కూర్చిన ఈ నాటకము 1960లో లండనున మొదలైనది. 1968లో చలనచిత్రమై ఆ సంవత్సరపు ఉత్తమ చిత్రముగా ఆస్కారు పొందినది. అనాథ బాలురకు జేబులు కత్తిరించుట నేర్పు ముసలి ఫేగిన్ దీనిలో అందరికిని ఇష్టమగు పాత్ర. అతడు బాలురకు దొంగతనమును ఆటవలె, పాటవలె నేర్పును. తరువాత ఒంటరిగా కూర్చుండి, దొంగతనము మానినచో తనగతి యేమని లెక్కలు వేసికొనుచు పాడును. బాలురకు ఎక్కువ వేషములుండుటచేత పాఠశాలలు దీనిని ఇష్టపడును. జేబులు కొట్టుటను గూర్చి ఎవరును పెద్దగా కలవరపడరు. కలవరపడవలసినది వేరొకచోట నున్నది.

డికెన్సు 1837 మొదలు 1839 వరకు ఈ నవలను ప్రకటించుచు ఫేగిన్‌ను పేరుతో కంటె "యూదు" అనియే ఎక్కువగా పిలిచెను. 1863లో ఎలైజా డేవిస్ అను యూదు వనిత, ఈ చిత్రణ తన జాతికి అన్యాయము చేసినదని ఆయనకు లేఖ వ్రాసెను. ఆయన మొదట సమర్థించుకొనినను, 1867 నాటి ముద్రణలో ఆ మాటను పెక్కుచోట్ల తొలగించెను. ఈలోగా వ్రాసిన 'అవర్ మ్యూచువల్ ఫ్రెండ్'లో రయా అను సజ్జనుడైన యూదు పాత్రను కూడ కల్పించెను. కాని కథ అంతటితో ఆగలేదు. 1948లో డేవిడ్ లీన్ తీసిన చిత్రమున అలెక్ గిన్నిస్ పెద్ద ముక్కు అమర్చుకొని ఫేగిన్‌గా కనబడగా, 1949లో బెర్లినున యూదులు నిరసించిరి. అమెరికాలో ఆ చిత్రము కొన్ని భాగములు కత్తిరింపబడి 1951లో గాని విడుదల కాలేదు. నాజీలు లక్షలాది యూదులను చంపి అప్పటికి పదేండ్లయినను కాలేదు. లయొనెల్ బార్టును యూదుడే. లండనులోను చలనచిత్రములోను ఫేగిన్‌గా నటించిన రాన్ మూడీయు యూదుడే. వారు ఆ పాత్రకు ఒంటరితనమును, చమత్కారమును చేర్చి, దాని విషమును చాలవరకు తీసివేసిరి. అయినను ఒక పాఠశాల విద్యార్థి పెద్ద ముక్కు అతికించుకొని, యాస మార్చి అదే పాటను పాడినచో నవ్వు దొంగపై పడదు, ఒక జాతిపై పడును. ఒకే పాట, ఒకే ప్రతి. నటుని ముక్కుతో దాని యర్థము మారిపోవును. ఈ పూర్వకథను పిల్లలకు చెప్పకుండ ఈ నాటకమును ఆడింపరాదు. చెప్పి ఆడించినచో దీనికి మించిన చరిత్రపాఠము లేదు.

మూడవది 'స్వీనీ టాడ్'. స్టీఫెన్ సాండ్‌హైమ్ పాటలతో 1979లో బ్రాడ్వేకు వచ్చిన ఈ నాటకమున, అధర్మపు తీర్పుతో సంసారమును పోగొట్టుకొనిన మంగలి పగతో తిరిగివచ్చి, గడ్డము గీయించుకొనవచ్చినవారి గొంతులు కోయును. క్రింది అంగడిలోని లవెట్ ఆ మాంసముతో వంటకములు చేసి అమ్మును. ఈ ఉపాయము తట్టినపుడు ఆ ఇద్దరును ఏ వృత్తివాని మాంసము ఎట్టి రుచియని మాటలు మాటలుగా పేనుచు పాడు పాటతో మొదటి అంకము ముగియును. ఇంతకంటె బీభత్సమైన హాస్యమును ఊహించుట కష్టము. అయినను నవ్వు బాధితులను గూర్చినది కాదు. బలవంతుడు బలహీనుని తిని బ్రతుకు నగరమున ఆ మాట అక్షరాల నిజమైనచో ఎట్లుండునని ఆ పాట అడుగును. రెండవ అంకము దానికి బదులు చెప్పును: మంగలి తాను గుర్తింపని బిచ్చగత్తెను చంపి, ఆమె తన భార్యయే యని తెలిసికొనును, తుదకు ఒక బాలుని చేతిలో అదే కత్తికి బలియగును. నవ్విన నవ్వునకు నాటకము వడ్డీతో కూడ చెల్లించుకొనును. పదునేడేండ్లవారికి ఇది తగును, పన్నెండేండ్లవారికి తగదు. ఈ నాటకమున వేరొక అపాయమును ఉన్నది. 2016 ఏప్రిల్‌లో న్యూజిలాండులోని ఆక్లండున ఒక పాఠశాల దీనిని ప్రదర్శించుచుండగా, నాటకమునకు వాడిన మంగలికత్తి తగిలి ఇద్దరు విద్యార్థులకు మెడపై గాయములైనవి. పాటలోని చీకటిని గూర్చి నెలల తరబడి చర్చించుచు, పిల్లవాని చేతిలోని వస్తువును చూడకుండుట తగదు.

నాల్గవది అన్నింటికంటె కఠినమైనది. హోవర్డ్ ఆష్మన్, ఆలన్ మెంకెన్‌ల 'లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్' 1982 నాటిది. మనుష్యులను తిను మొక్క కథ. పాఠశాలలు దీనిని ఎంతో ఇష్టపడును. దీనిలో ఒక దంతవైద్యుడు, చిన్ననాటినుండి ఇతరులకు నొప్పి కలిగించుట తనకెంత సంతోషమో ఆ నైపుణ్యమును చూచి తన తల్లి ఈ వృత్తిని సూచించినదని పాడును. రోగులకు నొప్పి చేయు వైద్యుడను హాస్యము ఎల్లరకు తెలిసినదే. ఆ మేరకు నవ్వు అతనిపైననే పడును. కాని అతని స్నేహితురాలు ఆడ్రీ చేతికి కట్టుతో, కంటిక్రింద నల్లని కమిలిన మచ్చతో రంగస్థలముపై తిరుగుచుండును. అతడు మత్తువాయువుచేత చచ్చును. కాని ఆమె గాయములను గూర్చి నాటకము తిన్నగా నిలిచి చెప్పునది తక్కువ. ప్రేక్షకులలో ఆ మచ్చను తన తల్లి ముఖమున చూచిన బాలిక ఉండవచ్చును. చుట్టును వారందరును నవ్వుచున్నపుడు ఆమెకు తెలియునది ఒక్కటే: తన ఇంటి సంగతి నవ్వులాట. అందుచేత ఈ పాటను ఎన్నుకొను ఉపాధ్యాయుడు ఆడ్రీ పాత్రను మొదట చక్కదిద్దవలెను, ఆ తరువాతనే దంతవైద్యుని పాటను. ఆమె కట్టు కట్టుకొని వచ్చినపుడు ఎవరును నవ్వకుండునట్లు నటింపజేయగలిగినచో పాటను ఉంచవచ్చును. చేయలేనిచో వేరొక నాటకమును వెదకుకొనవలెను.

మాటలు కత్తిరించుటవలన ఈ చిక్కులు తీరవని ఈ నాలుగింటివలన తెలియుచున్నది. పాఠశాల ప్రతులలో తిట్లు తగ్గును, రక్తము తగ్గును. నవ్వు దిక్కు మాత్రము మారదు. ఒక్కొక్కపుడు కత్తిరింపు హానియే చేయును. ప్రతినాయకుని క్రూరకార్యములను తొలగించి, హుషారైన పాటను మాత్రము మిగిల్చినచో అతడు ముద్దులొలుకు కొంటెవాడగును. పిల్లలకు ప్రమాదకరుడు భయంకరుడైన ప్రతినాయకుడు కాడు. ఎవరికిని ఏ హానియు చేయనట్లు కనబడు ప్రతినాయకుడే.

తెలుగువారికి ఈ చర్చ దూరదేశపు ముచ్చట కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున మొదలైన సురభివారి నాటకచరిత్రకు ఆదిప్రదర్శనము 'కీచక వధ'. స్త్రీని వేధించిన బలవంతుని కథ అది. సైరంధ్రి వచ్చునను ఆశతో సింగారించుకొని చీకటి నర్తనశాలకు వచ్చిన కీచకుడు భీముని చేతికి చిక్కు ఘట్టమున ప్రేక్షకులు నవ్వుదురు. ఆ నవ్వు కాముకుని మురిపెముపైననే పడును. సైరంధ్రి దుఃఖముపై ఒక్క చిరునవ్వైనను పడదు. 1963 నాటి 'నర్తనశాల' చిత్రమున ఎస్.వి. రంగారావు ఆ పాత్రను ఎంత ఠీవిగా నటించినను ఆ న్యాయము తప్పలేదు. హాస్యభయానకములను ఒకే చోట నిలుపు విద్య మన రంగస్థలమునకు క్రొత్తది కాదు.

నవ్వు దారి తప్పుటకును మన రంగస్థలము ఉదాహరణము చూపినది. కాళ్లకూరి నారాయణరావు 'చింతామణి' వేశ్యావ్యసనమును ఖండించుటకు వ్రాసిన సంఘసంస్కరణ నాటకము. దానిలోని సుబ్బిశెట్టి హాస్యపాత్ర. కాలక్రమమున కొన్ని నాటక సమాజములు ఆ పాత్రకు సొంత మాటలు, మోటు చేష్టలు చేర్చి పెంచగా, వ్యసనముపై పడవలసిన నవ్వు ఒక కులముపై పడుచున్నదని ఆర్యవైశ్యులు అభ్యంతరము చెప్పిరి. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ నాటక ప్రదర్శనమును నిషేధించినది. ఆ నిషేధముపై వ్యాజ్యము హైకోర్టుకు వెళ్లినది. నాటకమునే నిషేధించుట సరియైన మందా యనునది వేరు చర్చ. కాని రచయిత ఉద్దేశము ఎంత మంచిదైనను, ప్రదర్శించువారు నవ్వు దిక్కును కాపాడనిచో ఏమగునో ఇది తెలుపుచున్నది. ఫేగిన్ ముక్కుకును సుబ్బిశెట్టి యాసకును నడుమ సముద్రములున్నను తప్పు ఒక్కటే.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబముల పిల్లలు నేడు అచటి పాఠశాలలలో ఈ నాటకములే ఆడుచున్నారు. ఇంటిలో కూచిపూడి నేర్చుకొనుచున్న బాలిక పాఠశాలలో లవెట్ వేషము వేయునపుడు తల్లిదండ్రులు కలవరపడుట కలదు. ఇచట మన పాఠశాలల వార్షికోత్సవములలో బాలుడు దుర్యోధనుని కిరీటము ధరించి గద త్రిప్పినపుడు వారే మురిసిపోవుదురు. రెండు చోట్లను అడుగవలసిన ప్రశ్న ఒక్కటే గనుక, ఆ కలవరమును, ఆ మురిపెమును రెండింటిని కొంత తగ్గించుకొనవచ్చును. మన పాఠశాలలలో రాక్షస వేషము తరచుగా ఎవరికి దక్కుచున్నదో ఉపాధ్యాయులకు తెలియనిది కాదు. నల్లగా నున్నవానికి, లావుగా నున్నవానికి, తరగతిలో ఎవరును ప్రక్కన కూర్చుండనివానికి ఇత్తురు. తెల్లగా నున్నవానికి కృష్ణుని వేషము. కృష్ణుడు నల్లనివాడని పాఠములో చెప్పిన ఉపాధ్యాయుడే ఇట్లు పంచును. ట్రంచ్‌బుల్ వేషమును గూర్చి చెప్పిన చిక్కు ఇదియే.

చేయదగినది కష్టమైనది కాదు. పాటను ఎన్నుకొనుటకు ముందు దానిని తరగతిలో ఒక్కమారు వరుస లేకుండ, వట్టి మాటలుగా చదివింపవలెను. వరుస తీసివేసిన పిమ్మట మిగిలిన మాటలు ఎవరిని నొప్పించునో పిల్లలే చెప్పుదురు. వేషమును శరీరము చూచి కాక, కంఠము చూచి, కోరిక చూచి ఈయవలెను. బాధితుని వేషము వేయు విద్యార్థితో విడిగా మాటలాడవలెను. ప్రతినాయకునికి చప్పట్లు, బాధితునికి గేలి మిగులకుండ చూడవలెను. పాట ముగియగానే తరువాతి దృశ్యములోనికి పరుగెత్తక, అభ్యాసములో ఒక నిమిషము ఆగి, "ఇప్పుడు మనము దేనికి నవ్వితిమి?" అని అడుగవలెను. ఆ ఒక్క ప్రశ్నకు విద్యార్థులు సూటిగా బదులు చెప్పగలిగినచో పాటను రంగస్థలమునకు తీసికొనిపోవచ్చును. చెప్పలేక ఒకరి ముఖమొకరు చూచుకొనినచో ఆ యేటికి వేరు పాట వెదకుట మేలు.

చివరి అభ్యాసము నాడు ఉపాధ్యాయుడు రంగస్థలము ప్రక్కన నిలువక, వెనుక వరుసలోనికి పోయి ఒక మూల కుర్చీలో కూర్చుండవలెను. ఇంటిలో దెబ్బలు తిను పిల్ల, తోటివారు ఎగతాళి చేయు పిల్ల, ఇతరులు తక్కువగా చూచు కులమునుండి వచ్చిన పిల్ల రేపు అట్టి కుర్చీలోనే కూర్చుండును. ఆ చోటినుండి విన్నపుడును పాట నవ్వు పుట్టించినచో తెర ఎత్తవచ్చును.